ఎండ ప్రాంతంలో, ఊరికి దూరంగా ఆరు నెలలు ఉండాలంటే: ముందు లెక్క గంటలది, తర్వాతే లీటర్లది

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ మాడ్చే పొడి ప్రాంతంలో ఆరు నెలల ఉద్యోగం. దగ్గరి ఆస్పత్రి 150 కిలోమీటర్లు. ఆఖరి 60 కిలోమీటర్లు మట్టి రోడ్డు, ఫోన్ సిగ్నల్ ఉండదు. రోజుకి ఎన్ని నీళ్లు తాగాలి, ఏ సన్‌స్క్రీన్ కొనాలి, దారిలో బండి ఆగిపోతే నడిచి రావచ్చా?

ఆఖరి దానికి ముందు జవాబు: నడవొద్దు. ఎందుకో కింద లెక్కతో చెప్తాను. మిగతా రెంటికీ జవాబు చెప్పాలంటే మీ దగ్గర ఇంకో అంకె ఉండాలి, అది ప్రశ్నలో లేదు. మీకేదైనా అయితే ఆ సంగతి ఇంకో మనిషికి ఎన్ని గంటల్లో తెలుస్తుంది? తెలిసిన మనిషి మీ దగ్గరికి రావడానికి ఇంకెన్ని గంటలు పడుతుంది? ఈ రెంటి మొత్తం తేలితే నీళ్లు, నీడ, మందులు అన్నీ దాన్నిబట్టే తేలతాయి.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఉదయం 7కి బయల్దేరారు, 11కి చేరాలి. 8కి బండి ఆగింది. అవతలి మనిషికి మీరు చెప్పి ఉంచిన గడువు మధ్యాహ్నం 2. ఫోన్ రాకపోయేసరికి వాళ్లు అటూ ఇటూ కనుక్కుని బండి తీసేసరికి 3. మట్టి రోడ్డులో నాలుగు గంటలు, అంటే చీకటి పడ్డాక మీరున్న చోటికి వస్తారు. చీకట్లో మిమ్మల్ని దాటిపోతే మళ్లీ వెతికేది తెల్లారాకే. ఉదయం 9 లేదా 10. మొత్తం 26 గంటలు. అసలు గడువే చెప్పి వెళ్లకపోతే ఈ లెక్కకి ముగింపు ఉండదు. కాబట్టి ఖర్చు లేకుండా దొరికే మొదటి రక్షణ ఒక కాగితం ముక్క: ఏ దారిన వెళ్తున్నారు, బండి రంగు, నంబరు, ఎంతమంది, ఎన్నింటికల్లా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. చేరాక ఫోన్ చేయడం మర్చిపోతే మాత్రం రెండోసారి మీ గడువుని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. అనుకోకుండా దారి మార్చుకున్నా కబురు పెట్టాల్సిందే, ఎందుకంటే వెతికేవాళ్లు కాగితంలో ఉన్న దారినే వెతుకుతారు.

ఇప్పుడు నీళ్లు. నీడలో కదలకుండా కూర్చున్నా 40 డిగ్రీలు దాటిన పగటి వేడిలో శరీరం గంటకి అర లీటరు దాకా చెమట రూపంలో వదిలేస్తుంది. నడిచినా, తవ్వినా అది గంటకి లీటరు, ఒక్కోసారి లీటరున్నర. అందుకే బండిలో మనిషికి రోజుకి 10 లీటర్ల లెక్కన పెట్టాలి. పైన వేసిన 26 గంటలకి రెండు రోజుల లెక్క, అంటే మనిషికి 20 లీటర్లు. అది దారిలో తాగే నీళ్లు కాదు, తాగడానికి వేరే ఉండాలి. ఈ 20ని ఒకే క్యాన్‌లో పెట్టకండి. మట్టి రోడ్డు కుదుపుకి క్యాన్ అంచు ఏ ఇనుప ముక్కకో రాసుకుని చిల్లు పడుతుంది, సాయంత్రం చూసేసరికి డిక్కీ అంతా తడి. నాలుగు ఐదు-లీటర్ల డబ్బాలు మేలు. మూతలు బిగించి, తలకిందులుగా పెట్టి ఒక రాత్రి ఉంచి చూస్తే ఏది కారుతుందో ముందే తెలుస్తుంది.

తాగే పద్ధతి కూడా ముఖ్యమే. ఎండలో పని చేస్తున్నప్పుడు 15-20 నిమిషాలకి ఒక గ్లాసు, అంటే సుమారు 250 మిల్లీలీటర్లు. దాహం వేశాక ఒకేసారి లీటరు ఎత్తి తాగడం కంటే ఇది మంచిది. పై హద్దు కూడా ఉంది: గంటకి లీటరున్నర దాటకూడదు. "ఎంత తాగితే అంత మంచిది" అనే మాట ప్రమాదకరం. చెమటతో ఉప్పు పోతూ, లోపలికి ఉత్త నీళ్లే వెళ్తుంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, అయోమయం, ముదిరితే ఫిట్స్. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది కాబట్టి పక్కవాళ్లు ఇంకా నీళ్లు పట్టించి పరిస్థితి చెడగొడతారు. ఆ మనిషి పొద్దుట్నుంచీ ఏం తిన్నాడు, ఎన్ని సీసాలు ఖాళీ చేశాడు అని అడిగితే తేడా దొరుకుతుంది.

వేళకి ఉప్పున్న భోజనం చేసే మనిషికి మామూలు రోజుల్లో ఉప్పు మాత్రలు అక్కర్లేదు. గంటల తరబడి చెమట కారినా, విరేచనాలు పట్టుకున్నా ఓఆర్‌ఎస్ కావాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. స్పూను అంచుకి సమంగా గీకి కొలవాలి, గోపురంలా పోయకూడదు. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే. రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు.

మీకు సరిపడా వెళ్తున్నాయో లేదో తెలుసుకోవడానికి నమ్మకమైన సాధనం బరువు తూచే యంత్రం. పనికి వెళ్లేముందు, తిరిగొచ్చాక తక్కువ బట్టలతో, చెమట తుడుచుకుని తూచుకోండి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు లోటు. 70 కిలోల మనిషి 1.4 కిలోలు తగ్గాడంటే రెండు శాతం. అక్కడి నుంచి పనిలోనూ ఆలోచనలోనూ మందం మొదలవుతుంది. వారం రోజులు ఇలా రాసుకుంటే మీ శరీరానికి గంటకి ఎంత కావాలో అంకె దొరుకుతుంది, తర్వాత తూకం అక్కర్లేదు. మూత్రం రంగు కూడా చెప్తుంది, లేత పసుపు ఉండాలి. బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటుంటే ఆ రంగుని నమ్మొద్దు.

పొడిగాలిలో ఇంకో మోసం ఉంది. చెమట పట్టిన మరుక్షణం ఆరిపోతుంది కాబట్టి చెమటే పట్టట్లేదనిపిస్తుంది. సాయంత్రం చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పు చారలు చూస్తే ఎంత పోయిందో అర్థమవుతుంది.

మొదటి రెండు వారాల గురించి గట్టిగా చెప్పాలి. వేడికి శరీరం అలవాటు పడడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ అలవాటు ఏసీ గదిలో కూర్చుంటే రాదు, ఎండలో కొంత కష్టపడితేనే వస్తుంది. అలవాటయ్యాక చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె వేగం అదుపులో ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకి పాటించే కొలత: మొదటి రోజు మామూలు ఎండ పనిలో 20 శాతం, తర్వాత రోజుకో 20 శాతం పెంపు. "నేను ఫిట్‌గా ఉన్నాను, నాకేం కాదు" అని మొదటి రోజే పూర్తి పనికి దిగే కుర్రవాళ్లే ఎక్కువగా పడిపోతారు. మీ పై అధికారితో ఈ విషయం చేరకముందే మాట్లాడి ఒప్పించుకోండి, చేరాక మొహమాటం అడ్డొస్తుంది.

ఎవరైనా కళ్లు తిరిగి కూలబడితే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: తెలివి సరిగ్గా ఉందా? పేరు, ఈరోజు ఏ వారం, ఇప్పుడు ఎక్కడున్నాం అని అడగండి. సరిగ్గా చెప్తున్నాడు, నీరసం, తలనొప్పి, వికారం మాత్రమే ఉన్నాయంటే నీడలోకి చేర్చి, కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టి, బట్టలు వదులు చేసి, తడిపి, కొంచెం కొంచెంగా తాగించండి. అరగంటలో తేరుకోవాలి, తేరుకోకపోతే ఆస్పత్రి. జవాబులు తడబడుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, కోపంగా విదిలించుకుంటున్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ అనే లెక్క. "ఒళ్లు పొడిగా ఉంటేనే వడదెబ్బ" అన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది తప్పు. పని చేస్తూ పడిపోయినవాడి ఒళ్లు చెమటతో తడిసి ముద్దయి ఉన్నా లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. నుదుటి మీద చూపించే థర్మామీటరు, చంకలో పెట్టేది ఇక్కడ తక్కువ చూపిస్తాయి, వాటిని చూసి ధైర్యపడొద్దు.

ఇక్కడ వరస ముఖ్యం: ముందు చల్లబరచాలి, తర్వాతే బండెక్కించాలి. 150 కిలోమీటర్లు వేడి ఒంటితో తీసుకెళ్తే దారిలోనే మెదడు, కాలేయం దెబ్బతింటాయి. మొదటి అరగంటలో ఒంటి వేడి దించడమే ప్రాణం నిలిపే పని. నీళ్లు బాగా ఉంటే మెడ వరకు తొట్టిలో ముంచండి. తొట్టి లేకపోతే టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు ఎత్తి పట్టుకుని, అందులో నీళ్లు, ఐసు పోసి అటూ ఇటూ ఊపాలి. దానికి వంద లీటర్లు దగ్గర దగ్గర కావాలి. దారిలో ఉన్నది పది లీటర్లే అయితే ఇలా చేయండి. నేల మీద కాకుండా బండి సీటు మీదో చాప మీదో నీడలో పడుకోబెట్టి పైబట్టలు తీసేయండి. పలచటి గుడ్డ తడిపి ఒళ్లంతా కప్పండి. ఒకరు అట్టముక్కతో ఆపకుండా విసరాలి, ఇంకొకరు గుడ్డ ఆరకుండా నిమిషానికోసారి చిలకరించాలి. నీళ్లు చల్లగా లేకపోయినా పర్వాలేదు, వేడిని తీసుకెళ్లేది ఆవిరి. మెడ కింద, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టడం అదనపు సాయమే, ఒళ్లంతా తడపడానికి బదులు కాదు. తెలివొచ్చి సరిగ్గా మాట్లాడేదాకా, లేదా వణుకు మొదలయ్యేదాకా ఆపొద్దు. తర్వాత ఆస్పత్రికి, దారంతా తడి గుడ్డ, ఏసీ పూర్తిగా. తెలివి లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పారాసెటమాల్ ఇవ్వొద్దు. ఇది జ్వరం కాదు, ఆ మందు దీనిమీద పనిచేయదు, కాలేయానికి అదనపు భారం.

సన్‌స్క్రీన్ గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే ఆరు నెలలకి అది అసలు రక్షణ కాదు. లెక్క చూడండి. ముఖం, మెడ, చేతుల పైభాగాలకి ఒకసారికి సుమారు ఒకటిన్నర టీస్పూను, అంటే ఏడు మిల్లీలీటర్లు. రెండు గంటలకోసారి రాయాలి, రోజుకి మూడుసార్లే అనుకున్నా 20 మిల్లీలీటర్లు దాటుతుంది. 50 మిల్లీలీటర్ల ట్యూబు రెండున్నర రోజులకి అయిపోతుంది. నెల రోజులు వచ్చిందంటే పలచగా రాస్తున్నారని అర్థం, పలచగా రాస్తే డబ్బా మీది ఎస్‌పీఎఫ్ అంకెకి విలువ లేదు. ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని కాల్చే కిరణాల్లో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం ఆరాటపడేకంటే మందంగా రాయడం మేలు. ట్యూబుని బండిలో వదిలేస్తే వేడికి విడిపోయి నీళ్లలా కారుతుంది, అది పారేయండి. దోమల మందు కూడా వాడేవాళ్లు ముందు సన్‌స్క్రీన్ రాసి, ఆరాక దాని మీద దోమల మందు రాయాలి.

అసలు పని చేసేవి బట్టలు. దగ్గరగా నేసిన, వదులుగా ఉన్న పొడుగు చేతుల చొక్కా, చుట్టూ ఏడెనిమిది సెంటీమీటర్ల అంచున్న టోపీ, మెడ వెనక గుడ్డ. క్రికెట్ టోపీ చెవుల్ని, మెడని వదిలేస్తుంది. గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టి చూస్తే అవతల స్పష్టంగా కనపడుతుంటే ఎండ కూడా అంతే తేలిగ్గా దిగుతుంది. చల్లగాలి వీస్తోంది కదా అని మోసపోవద్దు, చర్మాన్ని కాల్చే అతినీలలోహిత (యూవీ) కిరణాలకి వేడితో సంబంధం లేదు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకి అవి పది శాతం దాకా పెరుగుతాయి, ఎండిన ఇసుక సుమారు 15 శాతం తిరగ్గొడుతుంది. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్న వేళల్లో బయట పని తగ్గించుకోండి. కళ్లజోడు మీద యూవీ 400 అని ఉండాలి. ఆ గుణం లేని ఉత్త నల్లద్దాలు కంటిపాపని విప్పి కిరణాల్ని ఇంకా లోపలికి రానిస్తాయి.

మీరు రోజూ వేసుకునే మందుల జాబితా బయల్దేరే ముందే డాక్టరుకి చూపించండి. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు, బీటా బ్లాకర్లు (బీపీకి, గుండెకి వాడేవి), పాతతరం అలర్జీ మాత్రలు, లిథియం (మానసిక సమస్యలకి ఇచ్చేది) వాడేవాళ్లకి వేడిలో ముప్పు పెరుగుతుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటే చర్మం తేలిగ్గా మాడుతుంది. ఇన్సులిన్‌ని ఐసుకి నేరుగా తగలనివ్వకండి, గడ్డకడితే పనికిరాదు. తడిస్తే చల్లబడే సంచులు పొడిగాలిలో బాగా పనిచేస్తాయి.

ఇక బండి. టైర్లలో గాలి తెల్లవారుజామున, బండి కదలకముందు చూడాలి. మధ్యాహ్నం వేడికి పెరిగిన గాలిని చూసి తీసేయడం చాలామంది చేసే తప్పు. మర్నాటికి చల్లబడ్డాక గాలి తక్కువవుతుంది, తక్కువ గాలి టైరు ఎక్కువ నలిగి, నలిగిన చోట వేడెక్కి పేలుతుంది. స్టెప్నీ వయసు చూడండి: టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలుంటాయి, 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైంది. ఎప్పుడూ వాడలేదు కదా అనుకున్న స్టెప్నీ ఎనిమిదేళ్ల ముసలిదై ఉండొచ్చు. అలాంటి దారిలో రెండు స్టెప్నీలు, జాకీ కింద పెట్టడానికి చదరపు అడుగు మందపాటి చెక్క (లేకపోతే జాకీ ఇసుకలో దిగబడుతుంది), పార, గాలి కొట్టే పంపు, గాలి కొలిచే మీటరు ఉండాలి.

ఇసుకలో చక్రం తిరుగుతూ బండి కదలట్లేదంటే ఆ క్షణమే యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంకో పది సెకన్లు తిప్పితే యాక్సిల్ దాకా దిగిపోతుంది. దిగి, నాలుగు టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించండి. చక్రాల ముందూ వెనకా ఇసుక పారతో లాగేయండి. వచ్చిన జాడలోనే వెనక్కి తీయండి, ఆ ఇసుక ఇప్పటికే నలిగి గట్టిపడి ఉంటుంది. అంత తక్కువ గాలితో వేగంగా వెళ్లినా, గట్టిగా స్టీరింగ్ తిప్పినా టైరు రిమ్ములోంచి ఊడుతుంది. గట్టి నేల రాగానే మళ్లీ గాలి కొట్టండి.

ఇంజన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పండి. ఇబ్బందిగా ఉంటుంది కానీ ఇంజన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. తగ్గకపోతే ఆపేయండి. రేడియేటర్ మూత అరగంట, నలభై నిమిషాలు ముట్టుకోవద్దు, లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

బాగు చేయలేని విధంగా ఆగిపోయిందనుకోండి. నడక లెక్క ఇదీ: ఎండలో గంటకి నాలుగు కిలోమీటర్లు, గంటకి లీటరు చెమట. చేత్తో నాలుగైదు లీటర్లకి మించి మోయలేరు. అంటే 16 నుంచి 20 కిలోమీటర్లు. మీ మట్టి రోడ్డు 60. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఎడారుల్లో చేసిన పరిశోధన లెక్కల ప్రకారం, పగటి గరిష్ఠ వేడి 49 డిగ్రీలున్నప్పుడు నీళ్లు లేకుండా నీడలో కదలకుండా ఉంటే సుమారు రెండు రోజులు, రాత్రిళ్లు మాత్రమే నడిచినా ఒక్కరోజే. 38 డిగ్రీల దగ్గర అవే అంకెలు ఐదు, మూడు. పైగా వెతికేవాళ్లకి బండి కిలోమీటర్ల దూరం నుంచి కనపడుతుంది, ఒంటరి మనిషి కనపడడు.

బండి దగ్గరే ఉండండి, కానీ బండిలో కాదు. బయట 35 డిగ్రీలుంటే మూసిన బండిలో అరగంటకే 50 దాటుతుంది. బండి నీడ పడే వైపు టార్పాలిన్ కట్టండి, వీలైతే ఒక అడుగు ఎడంతో రెండు పొరలుగా. ఆ మధ్య గాలి పొర వేడిని ఆపుతుంది. సీటు ఊడదీసి దాని మీద కూర్చోండి, నేల ఉపరితలం గాలికన్నా చాలా వేడిగా ఉంటుంది. చొక్కా విప్పొద్దు. నీళ్లని గుక్కలు లెక్కపెట్టుకుంటూ దాచుకోవద్దు, దాహమైనప్పుడు తాగండి. పొదుపు చేయాల్సింది చెమటని. తవ్వడం, బాగుచేయడం అన్నీ చీకటి పడ్డాక.

సంకేతానికి అద్దం అద్భుతమైన వస్తువు, పక్క అద్దం ఊడదీసినా సరే. కంటి పక్కన పట్టుకోండి. రెండో చెయ్యి ముందుకి చాచి రెండు వేళ్లు విడదీయండి. వెలుగు మచ్చని ఆ వేళ్ల మీదికి తెచ్చుకుని, విమానాన్నో బండినో వేళ్ల సందులో ఉంచుతూ అద్దం కొంచెం ఆడించండి. నేల మీద ఇంగ్లీషు వీ అక్షరం సాయం కావాలని, ఎక్స్ వైద్యం కావాలని చెప్తుంది. రాళ్లతో, బట్టలతో పది అడుగులకి తగ్గకుండా వేయండి. 406 మెగాహెర్ట్‌జ్ మీద పనిచేసే అత్యవసర బీకన్ (శాటిలైట్ ద్వారా సాయం కోరే సంకేతం పంపే చిన్న పరికరం) ఉంటే మీ 26 గంటల్లో మొదటి భాగం నిమిషాల్లోకి పడిపోతుంది. దాన్ని మీ పేరు మీద నమోదు చేయించాలి, వాడేటప్పుడు పైన ఆకాశం తెరిచి ఉండాలి. కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గరుంచుకోవడమే నేరం, కొనేముందు ఆ దేశపు నియమం కనుక్కోండి.

ఎండిపోయిన వాగులో గుడారం వేయడం, బండి ఆపడం వద్దు. ఎక్కడో కొండ మీద పడిన వాన మీ తల మీద చుక్క రాలకుండానే వాగుని నింపేస్తుంది. పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కార్లు తేలతాయి, రెండడుగులుంటే పెద్దవీ కొట్టుకుపోతాయి. దుమ్ము తుఫాను కమ్మితే రోడ్డు మీంచి పూర్తిగా పక్కకి దిగి, అన్ని లైట్లూ ఆర్పి, హ్యాండ్‌బ్రేక్ వేసి, కాలు బ్రేకు మీంచి తీయండి. లైటు వెలిగి ఉంటే వెనకవాడు అదే రోడ్డనుకుని మీ మీదికి వస్తాడు.

ఉండే ఇంటి విషయానికొస్తే పగలు కిటికీలు, తెరలు మూసి, రాత్రి గాలి చల్లబడ్డాక అన్నీ తెరవండి. నీళ్ల కూలర్ పొడిగాలిలో బాగా పనిచేస్తుంది, కానీ ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉండాలి, లేకపోతే గది తడి ఆవిరితో నిండి చెమట ఆరదు. గది వేడి 40 దాటితే ఒళ్లు తడపకుండా ఫ్యాను మాత్రమే తిప్పడం వేడిగాలి మీదికి ఊదుకోవడమే. జనరేటర్ ఇంటికి 20 అడుగుల దూరంలో, కిటికీల వైపు పొగ రాకుండా పెట్టాలి. నిల్వ నీళ్లకి వాసన కలపని 5-6 శాతం బ్లీచ్ లీటరుకి రెండు చుక్కలు, 20 లీటర్ల క్యాన్‌కి సుమారు రెండు మిల్లీలీటర్లు వేసి అరగంట ఆగండి. అప్పుడు సన్నగా క్లోరిన్ వాసన రావాలి, రాకపోతే అంతే మోతాదు మళ్లీ. వేడికి బ్లీచ్ బలం తగ్గుతుంది, సీసా మీద కొన్న తేదీ రాసుకోండి. నీళ్లు ఉప్పగా ఉన్నా, రసాయనాలు కలిసినా మరిగించడం, బ్లీచ్ రెండూ పనికిరావు.

బూట్లు దులిపి వేసుకోవడం తెలిసిందే. యూవీ టార్చ్ ఒకటి కొనండి, ఆ వెలుగులో తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి, పడుకునేముందు గది మూలలు చూడ్డానికి నిమిషం చాలు. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ వద్దు. ఉంగరాలు తీసేసి, ఆ అవయవం కదలకుండా కట్టి, నడిపించకుండా ఆస్పత్రికి. విషానికి విరుగుడు మందు ఏ ఆస్పత్రిలో ఉంటుందో వెళ్లిన మొదటి వారంలోనే కనుక్కోండి, దగ్గరిదాన్లో ఉండాలని లేదు. అప్పుడు మీ గంటల లెక్క కూడా మారుతుంది.

మధ్యలో సెలవు మీద నెల రోజులు చల్లటి చోట గడిపి వస్తే వేడికి వచ్చిన అలవాటు చాలావరకు పోతుంది. తిరిగొచ్చిన రోజు మళ్లీ 20 శాతం నుంచే మొదలుపెట్టండి.